నాంచారి పాస్‌పోర్టు కోసం పల్లెపాలెం దాకా

కోపంతో బయల్దేరిన ప్రయాణం ఇది. ఉదయం ఆరుంపావుకి గుడివాడలో బందరు పాసింజరు ఎక్కాను. కాలేజీలో నేను ఆటల టీచర్ని. నా దగ్గర నాలుగేళ్ళు ఫుట్‌బాల్ నేర్చుకున్న నాంచారిని మలేషియాలో ఒక క్లబ్బు స్ట్రైకరుగా పిలిచింది. నెలాఖరుకి అక్కడుండాలి. తీరా పాస్‌పోర్టు కోసం చేసిన పోలీసు ఎంక్వైరీలో "ఈ చిరునామాలో ఇలాంటి అమ్మాయి లేదు" అని రాసేశారు. పిల్ల హైదరాబాదు క్యాంపులో ఉంది, కదలడానికి లేదు. అందుకని నేను కదిలాను.

ఎదుటి సీటులోని గుమస్తా గారు సంగతి విని, "కబడ్డీ అయితే ఏదో ఒక ఉద్యోగమన్నా వచ్చేదండీ," అన్నారు జాలిగా. నేను కిటికీ వైపు తిరిగాను.

ఏడున్నరకి బందరులో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాను. ఎంక్వైరీ ఫైళ్ళుండే పోలీసు ఆఫీసు పదిన్నరకి తెరిచారు, ఫైలు చూసే ఆయన పదకొండున్నరకి వచ్చాడు.

"ఊళ్ళోవాళ్ళే లేదన్నారు మేడం. రేపు మళ్ళీ కానిస్టేబుల్ని పంపిస్తాను. రేపూ అదే మాటంటే ఫైలు మూసేస్తాం," అన్నాడు. అక్కడితో ఊరుకున్నాడా, లేదు. "అయినా బంతి తన్నడానికి జీతమిచ్చి ఎవరు పిలుస్తారండీ? ఇంటిపనికని రాయండి, నమ్మేలా ఉంటుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. రాష్ట్రం తరఫున ఆడే పిల్లని ఎవరింట్లోనో అంట్లు తోమడానికి పంపితే నమ్ముతాడట.

పన్నెండుంపావు బస్సులో అవనిగడ్డ చేరాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు అక్కడే భోంచేయండి. కోడూరు బస్సు ఎప్పుడొస్తుందో బస్టాండులో ఎవరికీ తెలియదు. కోడూరు నుంచి ఆటోలో నాంచారి ఊరు పల్లెపాలెం చేరేసరికి మూడున్నర దాటింది. నాంచారి తల్లి వీరమ్మ ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది.

"పోలీసులకి నాంచారి లేదని చెప్పిందెవరు?" అని నిలదీశాను.

"నేనేనమ్మా. పాలెమంతా అదే సెప్పాం." ఆమె చేతులు దులుపుకుంది. "మా చెల్లెలి కూతురు దుబాయి ఎల్లే ముందూ ఇట్టాగే వచ్చి అడిగితే ఉందనే సెప్పాం. ఆసుపత్రిలో ఆయా పనన్నాడు ఏజెంటు. అక్కడ దిగంగానే పాస్‌పోర్టు లాక్కున్నారంట. మూడేళ్ళయింది, రానియ్యట్లేదు. ఫారిన్ అని ఎవరడిగినా పిల్ల లేదనే సెప్పాలనుకున్నాం."

"ఇది ఆటమ్మా. మంచి క్లబ్బు."

"ఆటేలే. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటాదమ్మా?"

క్లబ్బు పంపిన ఒప్పందం నా సంచిలోనే ఉంది. జీతం చూశాను, వసతి చూశాను, మురిసిపోయాను. పూర్తిగా చదివింది మాత్రం అప్పుడే, ఆమె ఎదురుగా నిలబడి. మూడో పేజీలో ఉంది: క్రీడాకారిణుల పాస్‌పోర్టులు క్లబ్బు వారి అధీనంలో ఉండును. నాకు సిగ్గేసింది. ఉన్నదున్నట్టు ఆమెకి చెప్పాను.

"ఆ ముక్క కొట్టేయించండి. అప్పుడు ఉందని సెబుతాం," అంది వీరమ్మ.

ఆమెనీ ఆటోలో ఎక్కించుకుని కోడూరు ఎస్టీడీ బూతుకి వెళ్ళాను. మద్రాసులోని క్లబ్బు మనిషికి ఫోను చేస్తే, "అందరివీ మేమే దాస్తాం మేడం, పోతాయని," అన్నాడు.

"గోలు ముందు బంతి పోగొట్టుకోని పిల్ల పాస్‌పోర్టు పోగొట్టుకుంటుందా? ఆ లైను ఉంటే మా స్ట్రైకరు రాదు."

అరగంటకి బూతులోని ఫ్యాక్సులో కొత్త పేజీ వచ్చింది. దాన్ని రెండుసార్లు చదివి వినిపించాక వీరమ్మ మడిచి కొంగున ముడేసుకుంది. "రేపు రానీండి ఆ కానిస్టేబుల్ని," అంది.

ఆరున్నరకి తిరుగు బస్సులో కూర్చున్నాక కూడా కోపం చల్లారలేదు. గుమస్తా మీదా, ఆఫీసాయన మీదా సగం. మిగతా సగం నా మీదే. గోలు ముందు ఎక్కడ నిలబడాలో నాలుగేళ్ళు నేర్పాను, మూడు పేజీలు చదివి పెట్టలేకపోయాను. అరగంటలో తీసేయగలిగిన లైను అది. ఆ క్లబ్బు జట్టులో మిగిలిన పిల్లల కాగితాల్లో ఇంకా అలాగే ఉంది.