మదర్‌బోర్డు బ్యాటరీకి బొట్టు

ఆ మధ్య మా ఇంట్లో ప్రతి ఉదయం పన్నెండేళ్ల కిందటి జనవరి ఒకటితో మొదలయ్యేది. కంప్యూటర్ అలాగే చెప్పేది మరి. తేదీ సరిచేస్తే తప్ప నెట్‌లో ఒక్క పేజీ తెరుచుకోదు. చీరల బోర్డర్లకు డిజైన్లు గీసి రింగ్ రోడ్ మార్కెట్‌కు పంపడం నా పని. అందుకని రోజూ చాయ్ తాగుతూ ఇంటిల్లిపాదినీ పన్నెండేళ్లు ముందుకు లాక్కొచ్చేవాణ్ని.

ఈ ఘనకార్యం మా బాపుది. ముప్పై ఏళ్లు పవర్‌లూమ్ కార్ఖానాలో ఫిట్టరు. షిఫ్టు అయిపోగానే మెయిన్ బంద్ చేయడం అక్కడి ఫిట్టర్లకు దేవుడికి దండం పెట్టుకోవడం లాంటిది. పోగుల ధూళి నిండిన షెడ్డులో ఒక్క నిప్పురవ్వ చాలు. మేం వలసొచ్చిన పర్వత్ పాటియా బస్తీలోని మా రెండు గదుల్లో మగ్గం లేదు, షెడ్డు లేదు. అయినా బాపు రోజూ కంప్యూటర్ ప్లగ్గు పీకి గానీ పడుకోడు. కరెంటు లేనప్పుడల్లా గడియారం నడిపే భారం మదర్‌బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీ మీద పడి, చివరికి అది అరిగి చచ్చింది.

బాపు మాత్రం బతికే ఉన్నాడు, మంచం మీద. మోకాళ్లు పోయాయని మొన్న దీపావళి తర్వాత కార్ఖానా సేఠ్ ఆయన్ని పని మాన్పించేశాడు. అప్పట్నుంచి ఆయన పానల పెట్టె మంచం కిందే పడి ఉంది. ఓ రోజు ఉన్నట్టుండి అన్నాడు: "ఐతారం నాడు కిమ్ ఊరి ఫిట్టర్ వస్తడు. పెట్టె ఆయనకిచ్చేస్తా. నాకేం పని ఇగ?"

ఆ పెట్టె గడప దాటితే బాపు ఇక మంచం దిగడని నా భయం. శనివారం కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చి, సొరుగులో స్క్రూలు విప్పే పేచ్‌కస్ ఉన్నా లేదని అబద్ధమాడాను.

"జర పెట్టె తియ్యి బాపూ. దీని మూత ఇప్పాలె."

తీశాడు. కంప్యూటర్ మూత విప్పాడు. తర్వాత దేవుడి అర దగ్గరికి వెళ్లి కొత్త బ్యాటరీకి కుంకుమ బొట్టు పెట్టుకొచ్చాడు. కార్ఖానాలో కొత్త సామాను ఏదైనా బొట్టు లేనిదే మగ్గమెక్కదు. నేను ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసినవాణ్ని. నా సర్టిఫికెట్ మా పెళ్లి ఫొటో కంటే పైన వేలాడుతుంది. అంతటి విద్వాంసుణ్ని కనుక చిన్నగా నవ్వి, "గిది మగ్గం గాదు, నేను వెడుత" అని బ్యాటరీ లాక్కుని నేనే బిగించాను. తేదీ సరిచేసి, ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి చూశాను. జనవరి ఒకటి.

"బొట్లు వెడితె గిట్లనే అయితది! కుంకుమ అడ్డం వడ్డది. నీ కార్ఖానా అనుకున్నవా?" అని అరిచాను.

బాపు పేచ్‌కస్ తుడిచి పెట్టెలో పెట్టి మూత వేశాడు. ఆడలేక మద్దెల ఓడు అని మా అమ్మ వంటింట్లోంచి ఎవరికో వినిపించేలా అంది. ఎవరికో నాకు అర్థం కానట్టు నటించాను.

ఆదివారం పొద్దున లేచేసరికి బాపు ఆ పోయిన మోకాళ్ల మీదే నేలమీద కూర్చుని, పళ్ల మధ్య టార్చి పట్టుకుని కంప్యూటర్‌లోకి చూస్తున్నాడు. నన్ను చూసి టార్చి తీశాడు.

"తిర్లమర్ల వెట్టినవ్ రా. బొట్టెందుకు వెట్టిన? ఏ మొఖం పైకుండాల్నో తెల్వనీకే. అక్షరాలున్న దిక్కే వెడుతం. బిగించినంక బొట్టు కనవడకపోతే తప్పు వెట్టినట్టే."

బ్యాటరీని తిరగేసి పెట్టాడు. బొట్టు పైకొచ్చింది. తేదీ సరిచేయించి, ప్లగ్గు తన హక్కు కనుక తనే పీకి, చాయ్ తాగొచ్చి మళ్లీ పెట్టాడు. తెర మీద ఆదివారం, ఆనాటి తేదీ. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తప్పు నాదే బాపూ అనాల్సింది. "చాయ్ ఇంకింత తాగుతవా?" అన్నాను.

మధ్యాహ్నం కిమ్ ఊరి ఫిట్టర్ వచ్చాడు. బాపు ఒక్కో పాన తీసి, ఏది ఎక్కడ పట్టు జారుతుందో చెప్పి మరీ అప్పగించాడు. నేను మిగిలినవి లెక్కపెడుతూ నిలబడ్డాను. అంతా అయ్యాక పెట్టెలోంచి చిన్న పేచ్‌కస్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"గిదొక్కటి ఇయ్య. ఇంట్ల పనున్నది."

"ఏం పనన్నా?" అని అడిగాడు ఆయన.

బాపు గడ్డంతో నా వైపు చూపించాడు.

"మావోడు కంప్యూటర్ సదివిండు."