కామాతో సహా

ఏలూరు పవర్‌పేటలో ఒక ప్రెస్సువాళ్లు వేసే పుస్తకాల్లో తప్పులు దిద్దడం లాల్ బాషా పని. పేరు ఆయనదే గానీ, పని ఇద్దరిది. భార్య మహమూదా రాతప్రతి పట్టుకుని పైకి చదివేది, ఆయన ప్రూఫు మీద పెన్సిలు నడిపేవాడు. కామా వస్తే "కామా" అనేది, వాక్యం అయిపోతే "చుక్క" అనేది. ఈ మొగుడూ పెళ్లాలు దెబ్బలాడుకున్నా కామాలు పెట్టుకునే కాబోలని వీధిలోవాళ్లు నవ్వుకునేవారు. పేజీ చివర మాత్రం "అయింది, ఊపిరి తీసుకోండి" అనేది. ఆయన బుద్ధిగా తీసుకునేవాడు.

రెండువేల నాలుగులో మహమూదా పోయింది. చదివేవాళ్లెవరూ అక్కర్లేదని బాషా మొండికేశాడు. ఆవిడ పీట మీద ఇంకొకరు కూర్చోవడం ఆయనకు గిట్టలేదు, అదీ సంగతి. రాతప్రతీ ప్రూఫూ పక్కపక్కన పెట్టుకుని, నోరు విప్పకుండా చూసుకునేవాడు. ఇంట్లో మాటన్నది లేకుండా పోయింది.

గణపవరం రైతు వెంకట్రాజు తన సేద్యం గురించి రాసుకున్న పుస్తకం అలాగే దిద్దాడు. కంపోజింగులో ఒక వాక్యం ఎగిరిపోయింది. దాని తర్వాతి వాక్యమూ అదే మాటతో మొదలవడంతో బాషా కన్ను కూడా అక్కడే జారింది. పుస్తకం ఊరంతా పంచాక వెంకట్రాజు ప్రెస్సుకొచ్చాడు.

"దెబ్బలాటకి రాలేదండీ. మా ఆవిడ కాంతం ఎండనకా వాననకా నాతోపాటు చేలో నిలబడిందని ఒక్క ముక్క రాశానండి. పాపం, పుస్తకమంతా వెతుక్కుందండి."

తిట్టినా బాగుండేదనిపించింది బాషాకు. యజమాని గోపీనాథ్ కాసేపు నసిగాడు.

"రెండోసారి వేసేటప్పుడు సర్దుదామండి. కానీ బాషాగారూ, చదవడానికి ఎవరినైనా పెట్టుకోండి. లేకపోతే ఇక పని పంపలేనండి."

ఆ పనీ పోతే ఆయనకు పొద్దు గడిచే దారి లేదు. మర్నాడు పక్కింటి సత్యవేణిని పిలిచి, పీట తుడిచి వేసి, వెంకట్రాజు రాతప్రతే మళ్లీ చేతికిచ్చాడు.

"కామాలు కూడా చదవాలమ్మా."

"కామాలు కూడానా బాబాయిగారూ!" అని నవ్వింది గానీ, చక్కగానే చదివింది. కాంతం వాక్యం వచ్చింది. బాషా దాన్ని రెండోసారి చదివించుకున్నాడు.

పేజీ అయిపోయింది. ఆయన పెన్సిలు పైకెత్తి ఆగాడు.

"ఇంకేమన్నా చెప్పాలా అండీ?" అంది సత్యవేణి.

"ఏం లేదమ్మా. తర్వాతి పేజీ చదువు."

కామా నేర్పాడు, చుక్క నేర్పాడు. ఆ ఒక్క మాటా నేర్పలేదు.