పాలపిట్ట కాని పిట్ట

దసరా నాడు పాలపిట్టను చూడనిదే మా ఇంట్లో పండుగ పూర్తికాదు. హైదరాబాదు కార్వాన్‌లో కరెంటు తీగల మీద పావురాలు తప్ప ఏముంటాయి? ఏటా ఫోన్లో బొమ్మ చూపించి గండం గట్టెక్కేవాడిని. నిరుడు మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆమెకు రొమ్ములో గడ్డ తేలింది. ముక్క తీసి పరీక్షకు పంపారు, పండుగ వెళ్లాక రిపోర్టు. "ఈసారి ఫోన్ల పిట్ట వద్దు. పానమున్న పిట్టనే చూడాలె" అంది.

పొద్దున్నే జూపార్కుకు బయలుదేరాం. నేను ముప్ఫై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినవాడిని. పంతులు బడి మానినా నోరు మానదు. ఆటోలో మొదలుపెట్టి గేటు దాకా చెబుతూనే ఉన్నాను.

కోతుల దగ్గరికి రాగానే ఆమె నా చేయి గట్టిగా పట్టుకుంది. "అగో, పాలపిట్ట!"

కంచె మీద నీలం రెక్కలు తళుక్కుమన్నాయి. ఆమె చేతులు జోడించి కళ్లు మూసుకుంది. నేను ఊరుకోవచ్చు కదా!

"అది పాలపిట్ట కాదే, లకుముకి పిట్ట. ఆ ఎర్రముక్కు చూడు."

ఆమె చేతులు దించేసింది. ముఖం చిన్నబోయింది. నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. అయినా నోరు ఆగితేనా! సర్దిచెప్పబోయి మరో పాఠం ఎత్తుకున్నాను. లకుముకికి అడవైనా ఒకటే, మూసీ ఒడ్డయినా ఒకటే. చేప దొరక్కపోతే బల్లితో సరిపెట్టుకుంటుంది. కంచె లోపలి నల్లకోతి అట్లా కాదు. ముఖం చుట్టూ తెల్లటి జూలు, తోక చివర సింహానికున్నట్టు కుచ్చు. పడమటి కనుమల్లో చెట్టుకు చెట్టు ఆనుకున్న అడవి ఉంటేనే దానికి బతుకు.

"మస్తు తక్కువ మిగిలినయి. అడవి తెగితే దాని పని అయిపోయినట్టే" అన్నాను.

ఆమె కోతిని చాలాసేపు చూసింది. అది జామముక్క కొరుక్కుంటూ మమ్మల్ని పట్టించుకోలేదు.

"తక్కువనే గానీ, ఉన్నయి గదా?"

"ఉన్నయి."

"అయితే దీనికే మొక్కుత. పిట్టకేంది, యాడైనా బతుకుతది. ఇది సూడు, గింత కష్టంల గూడ ఎట్ల తింటున్నదో" అని మళ్లీ చేతులు జోడించింది.

దసరా నాడు కోతికి దండం పెట్టడం ఏ శాస్త్రంలోనూ లేదు. కానీ ఆ రిపోర్టంటే నాకు ఆమెకంటే ఎక్కువ భయం. పొద్దుటినుంచీ పాఠాలు చెప్పింది ఆ భయం పైకి రాకుండా ఉండడానికే. ఆమె పక్కన నిలబడి నేనూ ఆ కోతికి మొక్కాను.