పెట్టలేదు, పట్టాను

ఆ రోజు పొద్దున్న ఆరున్నరకూ ఏడున్నరకూ మధ్య తిరగలమ్మ తొమ్మిది మంది తల్లులను ఒకే సంగతి రెండేసిసార్లు అడిగింది. "బిడ్డకి ఏమైనా పెట్టావా?" అని ఒకసారి. దానికి జవాబు వచ్చాక, కాగితంలో రాసుకుంటున్నట్టు తల వంచి, "ఏమైనా పట్టావా?" అని ఇంకోసారి.

ఆస్పత్రిలో అందరూ ఆవిణ్ణి తిరగలి అనడం అందుకే. వేసిన గింజనే మళ్లీ తిప్పి నలుపుతుందని. ముప్పై ఏళ్లుగా రికార్డుల గదిలో గుమస్తా. చీటీలు రాయడం, పాత కేసు కాగితాలు కట్టలు కట్టి అటక మీదికి ఎక్కించడం, ఎవరైనా అడిగితే తుమ్ముకుంటూ దింపడం ఆవిడ ఉద్యోగం. ఏడాదికోసారి విదేశీ డాక్టర్లు పెట్టెలూ సిలిండర్లూ వెంట తెచ్చుకుని దిగుతారు. ఆరు రోజులు ఉండి, మొర్రి పిల్లల పెదవులు కుట్టి వెళ్లిపోతారు. ఆ ఆరు రోజులూ ఆవిడ సెలవు పెట్టి వాళ్లకు ఊరికే దుబాసీ పని చేస్తుంది. ఇది తొమ్మిదో ఏడు.

వాళ్ల భాష ఆవిడ బళ్లో నేర్చుకోలేదు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, ఆనకట్ట కట్టడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు ఇంట్లో పిల్లలను ఆడించడానికి కుదిరింది. ఆ పిల్లల నోట్లోంచి పట్టుకున్న భాష అది. అందుకే తల నెరిసిన సర్జన్‌తో కూడా ఏడేళ్ల పిల్లలా మాట్లాడుతుంది. 'ఈ పాప బువ్వ తినలేదు, ఈ బాబు బొజ్జ నిండుగా ఉంది' అన్న ధోరణిలో ఉంటుంది ఆవిడ అనువాదం. వాళ్లు నవ్వుతారు. ఆవిడ నవ్వదు.

రెండో ప్రశ్న మొదటి ఏడాది లేదు. మత్తు ఇచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలని డాక్టర్లు చెబితే, ఆవిడే వెయ్యి చీటీలు అచ్చు వేయించింది. 'తెల్లవారుజాము నుంచి బిడ్డకు ఏమీ పెట్టవద్దు.' తల్లులు ఎవరిచేతో చదివించుకున్నారు, తలూపారు, చెప్పినట్టే ఏమీ పెట్టలేదు. పాలు పట్టారు. ముద్ద అయితే పెడతారు, పాలు పడతారు. చంకలో బిడ్డ ఉన్న ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. మూడో రోజున ఒక పాప బల్ల మీదే పాలు కక్కింది. అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. నాలుగు రోజులు బతికింది. తల్లి అబద్ధం చెప్పిందని డాక్టర్లు అనుకున్నారు. తప్పు ఎక్కడుందో తిరగలమ్మకు ఆ సాయంత్రమే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఇంకా తొమ్మిది వందల చీటీలు మిగిలి ఉన్నాయి. వాటినే పంచుతూ, నోటితో రెండో ప్రశ్న మొదలుపెట్టింది. ఆ తర్వాత అలా ఎవరూ పోలేదు.

ఈసారి వరండాలో ఆవిడ మనవరాలు కూడా ఉంది. రెండున్నరేళ్లది. మొదటి ఏడాది బరువు చాలదన్నారు. రెండో ఏడాది ఛాతీలో కఫం ఉందన్నారు. ఈ ఏడాది పరీక్షల రోజున ముక్కు కారుతోందని పక్కన కూర్చోబెట్టారు. మర్నాటికి ముక్కు ఆరింది గానీ, అప్పటికి అరవై ఆరు పేర్లు నిండి కింద గీత పడింది. మనవరాలిది అరవై ఏడు. ఎవరైనా తప్పుకుంటే తప్ప చోటు లేదు. ఇవాళ ఆఖరి రోజు.

పోనీ వచ్చే ఏడాది అనుకోవడానికీ లేదు. శిబిరం కార్యదర్శి, రిటైరైన హెడ్మాస్టరు, ముందు రోజే ఆవిడకు చెప్పాడు.

"వచ్చే ఏడు వీళ్లు రారమ్మా. వేరే దేశం పట్టుకున్నారట."

"అయితే మా పిల్ల సంగతి..."

"నీ పిల్లని గీతకి పైకి లాగితే నన్ను ఊరంతా ఉతికి ఆరేస్తుంది. నువ్వే కదా తొమ్మిదేళ్లుగా అందరికీ చెప్తున్నావ్, వరస వరసే అని."

ఈ ఊళ్లో పసిపిల్లలకు మత్తు ఇవ్వగల డాక్టరు లేడు. ఉన్న ఊరు రెండు రోజుల ప్రయాణం. అక్కడి ఆస్పత్రి మాటెత్తితే అల్లుడు లేచి చొక్కా వేసుకుని బయటికి పోతాడు. మనవరాలికి ఈ మధ్యే కొత్త అలవాటు అయింది. నవ్వు వస్తే గౌను అంచు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అది ఎవరూ నేర్పలేదు. వీధిలో పిల్లలే నేర్పారనుకోవాలి.

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు," అంది నేల తుడుస్తున్న ఆయా. "ఇక్కడ పూజారివి నువ్వే కదక్కా. నీ పిల్లకి నువ్వు ఇచ్చుకోలేవూ?"

"నోరు మూసుకుని తుడువు."

"నోరు మూసుకుంటే నీ మనవరాలిలా ముక్కుతో మాట్లాడాలి."

తిరగలమ్మ బకెట్‌ను కాలితో పక్కకు జరిపి, కాగితాలు తీసుకుని బెంచీల వైపు నడిచింది.

మూడో బెంచీ మీద ఆవిడ కూతురు, ఒళ్లో పిల్లతో కూర్చుని ఉంది. పిల్లకు పొద్దుటినుంచి పచ్చి నీళ్లు కూడా లేవు. తప్పుకునేవాళ్లు ఉంటే ఉంటారని, అరవై ఏడో నంబరును కూడా ఆకలితోనే ఉంచాలి, అది నియమం. పక్కన ఇటుక బట్టీలో పనిచేసే ఆవిడ, పద్నాలుగు నెలల కొడుకుతో. వాడి మణికట్టుకు అరవై రెండు అని రాసిన పట్టీ. ఐదు గంటలు బస్సులో వచ్చింది. ఇద్దరూ అప్పటికే అక్కాచెల్లెళ్లలా కబుర్లలో పడ్డారు.

"వీడు పుట్టగానే వాళ్ల నాన్న చూసి ఏమన్నాడో తెలుసా? పచ్చి ఇటుక పగిలితే మళ్లీ అచ్చులో వెయ్యొచ్చు, దీన్నేం చేస్తాం అన్నాడు," అంటోంది బట్టీ ఆవిడ. "ఇదిగో, అచ్చులో వేసేవాళ్లు దొరికారు. మీ పాప నంబరెంత?"

"మాకు నంబరు రాలేదు. ఎవరైనా తప్పుకుంటేనే."

"అయ్యో తల్లీ," అని ఆవిడ పిల్ల బుగ్గ నిమిరింది.

తిరగలమ్మ ఎదురుగా నిలబడింది. "బిడ్డకి ఏమైనా పెట్టావా?"

"లేదమ్మా. చీటీ మూడుసార్లు చదివించుకున్నా. ఏమీ పెట్టలేదు."

"ఏమైనా పట్టావా?"

"పాలు పట్టాను. నాలుగు చెంచాలు. బస్సు దిగగానే ఒకటే ఏడుపు."

"ఎన్నింటికి?"

"ఆరయ్యుంటుంది."

ఇలాంటివాళ్లు ఏటా నలుగురైదుగురు ఉంటారు. ఈ వారంలోనే ముగ్గురు వచ్చారు. పెద్ద విషయమేమీ కాదు. వరసలో వెనక్కి జరుపుతారు, అంతే. తిరగలమ్మ తలుపు దగ్గరున్న మత్తు డాక్టరును పిలిచి, తనకు వచ్చిన చిన్నపిల్లల భాషలో, బాబు పాలు తాగాడు, ఆరింటికి అని చెప్పింది. అతను వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఆరు గంటలు ఆగాలి, పన్నెండు దాటాక చేద్దాం, అందరికంటే చివర పెట్టు అన్నాడు. తల్లి కంగారు పడుతున్నట్టు కనిపించడంతో, ఆవిడ వైపు వంగి, నవ్వుతూ తన చేతి గడియారం చూపించి, పన్నెండు అంకె మీద వేలు పెట్టాడు.

"ఏమంటున్నాడమ్మా?"

తిరగలమ్మ కాగితం వైపు చూసింది. తర్వాత కాగితం మీంచి కళ్లెత్తకుండానే చెప్పింది.

"ఇవాళ కుదరదంట."

"గడియారం చూపిస్తున్నాడేంటి?"

"టైం మించిపోయిందంటున్నాడు."

"పోనీ రేపు చేస్తారా?"

"రేపు పొద్దున్నే వాళ్లు వెళ్లిపోతున్నారు."

"వచ్చే ఏడు?"

"రారు."

నాలుగు జవాబుల్లో రెండు నిజం. వెనకున్న రెండు నిజాలూ ముందున్న రెండు అబద్ధాలనూ భుజాన వేసుకుని మోశాయి.

బట్టీ ఆవిడ కొడుకు మూతి కొంగుతో తుడిచింది. "పట్టకపోయి ఉంటే?" అంది.

"ఈ పాటికి లోపలికి వెళ్లేవాడు."

"నాలుగు చెంచాలకేనా?"

"చెంచాడైనా ఒకటే."

ఆవిడ బిడ్డ వీపు మీద చెళ్లున ఒకటి వేసింది. "ఏడవకపోతే నీ సొమ్మేం పోయిందిరా? గంట ఓర్చుకోలేకపోయావా?" వాడు గుక్కపట్టాడు. చీలిన పెదవి ఇంకా వెడల్పుగా తెరుచుకుంది.

డాక్టరు కంగారుపడి, ఎందుకు కొడుతోంది అని అడిగాడు. బాబు అల్లరి చేశాడు, అమ్మకి కోపం వచ్చింది అని చెప్పింది తిరగలమ్మ. కొట్టొద్దని చెప్పు, సాయంత్రానికల్లా అంతా బాగుంటుందని చెప్పు అన్నాడతను.

"ఏమంటున్నాడు?"

"జాగ్రత్తగా వెళ్లమంటున్నాడు. పదిన్నరకి మీ బస్సుంది కదా."

బట్టీ ఆవిడ డాక్టరుకు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. అతనూ, ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నాడు కాబట్టి, చేతులు జోడించాడు. తిరగలమ్మ కూతురు లేచి, గుడ్డల మూట కట్టడానికి సాయం చేసింది. గేటు దాకా వెళ్లి వచ్చింది.

"పాపం. వాడు ఇంకా ఎక్కిళ్లు పెడుతూనే ఉన్నాడు," అంది వచ్చి కూర్చుంటూ.

తిరగలమ్మ ఏడో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తల్లినీ రెండు ప్రశ్నలూ అడిగింది. ఎనిమిదో ఆవిణ్ణీ, తొమ్మిదో ఆవిణ్ణీ అడిగింది. ఎక్కడా తడబడలేదు. వాళ్లెవరూ పాలు పట్టలేదు.

పన్నెండుంబావుకు లోపల ఎనిమిదో పిల్ల పని అయిపోయింది. నర్సు తల బయటికి పెట్టి అరవై రెండు కావాలంది. తిరగలమ్మ వరండా మధ్యలోకి వచ్చి నిలబడి, గొంతెత్తి పిలిచింది.

"అరవై రెండూ!"

బెంచీల మీద వాళ్లు తలలు తిప్పి చూశారు.

"అరవై రెండో నంబరు! ఎక్కడున్నారు?"

కూతురు ఆవిడ వైపు వింతగా చూసింది. "అమ్మా. వాళ్లని పొద్దున నువ్వే కదా పంపించేశావ్? మళ్లీ పిలుస్తావేంటి?"

తిరగలమ్మ మూడోసారీ పిలిచింది. అవతలి గోడ దాకా వెళ్లి, మరుగుదొడ్ల వైపు కూడా తొంగి చూసి వచ్చింది. వెనక్కి వచ్చేసరికి కూతురు లేచి నిలబడి ఉంది.

"వాళ్లకి ఇవాళే ఉందా?" అంది మెల్లగా. "అమ్మా, నిన్నే. ఇవాళే ఉందా?"

"పిల్లని ఎత్తుకో."

"ఆవిడ వాణ్ణి కొట్టింది కదే..."

"బస్సు వెళ్లి రెండు గంటలు కావస్తోంది. నువ్విప్పుడు ఏడ్చినా అది వెనక్కి రాదు. ఎత్తుకుంటావా, నన్ను ఎత్తుకోమంటావా?"

నర్సు మళ్లీ తలుపు తీసింది. తిరగలమ్మ ఆమెతో వాళ్ల భాషలో ఒక్క ముక్క అంది. నర్సు భుజాలెగరేసి, చేతిలోని జాబితాలో ఒక గీత గీసి, అరవై ఏడు అంది.

కూతురు ఆ తలుపు వైపు చూసింది. గేటు వైపు చూసింది. బెంచీ మీద పిల్ల ఆకలికి నీరసించి, వేలు చీక్కుంటోంది. కూతురు పిల్లను భుజాన వేసుకుని లోపలికి నడిచింది. పరుగులాంటి నడక.

గంటా నలభై నిమిషాలు పట్టింది. కుట్లు చక్కగా కుదిరాయి.

సాయంత్రం వరండాలోనే వీడ్కోలు సభ పెట్టారు. మత్తు డాక్టరు లేచి తిరగలమ్మ గురించి చాలాసేపు మాట్లాడాడు. ఈమె ప్రతి తల్లినీ రెండోసారి అడగకపోతే ఎంతమంది పిల్లలు పోయేవారో అన్నాడు. ఎన్నో దేశాలు తిరిగాను, ఇలాంటి నిజాయితీ గల మనిషిని చూడలేదన్నాడు. ఆ మాటలను జనానికి తెలుగులో చెప్పాల్సింది కూడా ఆవిడే. మైకు పట్టుకుని, "మనందరి సాయానికి సంతోషం అంటున్నారు," అంది.

"ఆయన అంతసేపు మాట్లాడితే నువ్వు చెప్పేది ఇంతేనా అక్కా?" అని వెనకనుంచి అరిచింది ఆయా. "మిగతాదంతా మింగేశావా?"

అందరూ విరగబడి నవ్వారు. డాక్టరుకు ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వాడు.

మర్నాడు కార్యదర్శి పిలిచి, అరవై రెండోవాళ్లు ఎందుకు రాలేదో ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. కాగితంలో ఉన్నది బట్టీ మేస్త్రీ నంబరు. తిరగలమ్మ రికార్డుల గదిలోకి వెళ్లి, పది నిమిషాలు కూర్చుని వచ్చి, మోగుతోంది గానీ ఎత్తడం లేదని చెప్పింది. నివేదికలో ఆ పేరు ఎదురుగా 'రాలేదు' అని పడింది. రాసింది ఆవిడే. ఆవిడ దస్తూరీ గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది.

రెండు నెలల తర్వాత, కూతురు పిల్లను తల్లి దగ్గర వదిలి పని మీద వెళ్లిన రోజున, బట్టీ ఆవిడ రికార్డుల గది కిటికీ దగ్గరికి వచ్చింది. చంకలో కొడుకు. వానలకు బట్టీ ఆపేశారట, మూడు రోజులు తీరిక దొరికిందట. కిటికీలోంచి, బల్ల కింద కూర్చుని పాత కాగితాలతో ఆడుకుంటున్న పిల్లను గుర్తుపట్టింది.

"అరే, ఆ రోజు బెంచీ మీది పాప కదూ! మీ మనవరాలా అమ్మా? ఎంత బాగా కుదిరింది! మరి నంబరు లేదన్నారే?"

"ఒకళ్లు రాలేదు."

"రాలేదా! ఇంత పని పెట్టుకుని రాకుండా ఉంటారా ఎవరైనా? బుద్ధిలేని జనం." ఆవిడ కొడుకును అటు చంక నుంచి ఇటు చంకకు మార్చుకుంది. "నా సంగతి చూడు, వచ్చి కూడా నాలుగు చెంచాలతో పాడు చేసుకున్నా. వాళ్ల నాన్న ఇప్పటికీ చెంచా కనిపిస్తే చాలు, నన్ను దెప్పుతాడు. అమ్మా, ఆ డాక్టర్లు కాకపోతే ఇంకెవరైనా వస్తారు కదా?"

"తెలీదు. ఇప్పటికైతే ఎవరూ లేరు."

"వచ్చినప్పుడే వస్తారులే. వీడి పేరు మాత్రం ముందే రాసుకో. ఈసారి నీళ్ల చుక్క కూడా పట్టను, నీ మీద ఒట్టు."

తిరగలమ్మ సొరుగులోంచి కొత్త కాగితం తీసింది. పేరు, వయసు, తల్లి పేరు, మేస్త్రీ ఫోన్ నంబరు రాసింది. పైన ఏ శిబిరం పేరూ రాయలేదు. రాయడానికి ఏ శిబిరమూ లేదు.

"నంబరెంత వచ్చిందమ్మా?" అని అడిగింది బట్టీ ఆవిడ.

"ఒకటి."