శుక్రవారం సమ్మె, సియెనా ప్రయాణం

ఇటలీలోని పిస్తోయా స్టేషన్‌లో టిక్కెట్ల కిటికీ వెనక ముప్పై నాలుగేళ్లు కూర్చున్న నివెస్, ఊళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఒకటే పాఠం చెప్పేది. "కారు జోలికి పోకండి. పాత ఊళ్లన్నీ కోటగోడల లోపలున్నాయి. బయటి కారు గోడ దాటితే కెమెరా ఫొటో తీస్తుంది, ఆర్నెల్లకి జరిమానా కాగితం ఇంటికొస్తుంది. హాయిగా రైలెక్కండి." అలాంటి మనిషి అరవై ఎనిమిదో ఏట, జూలైలో ఒక గురువారం మధ్యాహ్నం, అద్దెకారు తీసుకోవాలా వద్దా అని తల పట్టుకుని కూర్చుంది.

మర్నాడు రైళ్ల సమ్మె. అదే రోజు పొద్దున పదిన్నరకు సియెనాలో మనవరాలు వియోలా డిగ్రీ కోసం పరీక్షకుల ముందు నిలబడుతుంది. వాళ్ల వంశంలో అదే మొదటి పట్టా. పట్టా ప్రకటించగానే తలమీద లారెల్ ఆకుల కిరీటం పెట్టడం అక్కడి ఆచారం. వియోలా పుట్టిన ఏడు నివెస్ భర్త పెరట్లో లారెల్ మొక్క నాటి, "దీని కొమ్మని మనవరాలి తలమీదికి నువ్వే చేర్చాలి" అని పోయేముందు ఆమె చేత మాట తీసుకున్నాడు. కూతురూ అల్లుడూ రెండు రోజుల ముందే వెళ్లారు. కిరీటం మాత్రం నివెస్ పని.

సమ్మె రోజైనా పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా కొన్ని రైళ్లు నడిపి తీరాలి. ఆరున్నర బండికి ఫ్లోరెన్స్, అక్కడ ఎనిమిది దాటాక సియెనా బండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇక అంతే సంగతులు. తనే ఎన్ని సమ్మెల్లో జెండా పట్టుకుందో. ఇవాళ ఎవర్ని తిట్టాలో ఆమెకు తోచలేదు.

"నీ రైళ్లమీద నీకే నమ్మకం లేకపోతే మా బోటివాళ్లం ఏమైపోవాలి వదినా?" అన్నాడు మరిది ఒరెస్తె, ఆమె పెట్టిన కాఫీ తాగుతూ.

"నవ్వకు. కంటి ఆపరేషన్ ఈ వారమే చేయించుకోవాలా నువ్వు? లేకపోతే నువ్వే తీసుకెళ్లేవాడివి."

"కారు తీసుకో. లైసెన్సు ఉందిగా."

"ఊరి బయట నడిపి పదేళ్లయింది."

"అయితే రైలెక్కు."

"మధ్యలో ఆగిపోతే?"

"అయితే కారు."

"కాఫీ తాగావుగా, ఇంటికి పో."

అతను వెళ్లగానే ఆమె వెళ్లి అద్దెకారు తెచ్చుకుంది. పట్టా రాకముందే కిరీటం వియోలా కంటపడితే అపశకునం. అందుకని పెరటి చెట్టు కొమ్మతో అల్లినదాన్ని అట్టపెట్టెలో పెట్టి, పైన దుప్పటి కప్పి, డిక్కీలో దాచింది.

మర్నాడు దారి పొడవునా నెమ్మదిగా నడిపింది. వెనక లారీలు హారన్లు కొట్టాయి. సియెనా కోటగోడకు ఒక్క అడుగు కూడా లోపలికి పోకుండా కింద మైదానంలోనే కారు ఆపి, రొప్పుతూ మెట్లెక్కి, పది గంటలకల్లా మనవరాలిని కౌగలించుకుంది. పరీక్ష జరిగే హాల్లో కూర్చుంది.

పట్టా ప్రకటించారు. చప్పట్లు మోగాయి. అప్పుడు తన ఖాళీ చేతులు చూసుకుంది నివెస్. కిరీటం కారులోనే మర్చిపోయింది. రైల్లో వచ్చి ఉంటే పెట్టె ఒళ్లోనే ఉండేది.

పక్కనున్న మరో విద్యార్థి తల్లి, తన దగ్గర ఇంకోటి ఉందని ఎర్ర రిబ్బను కట్టిన కిరీటం అందించబోయింది. వియోలా చెయ్యి అడ్డుపెట్టింది.

"వద్దండీ. మా అమ్మమ్మ తెచ్చే ఉంటుంది." తర్వాత ఇటు తిరిగి, "ఎక్కడ పెట్టావు అమ్మమ్మా?" అంది.

"డిక్కీలో." నివెస్‌కు ఏడుపు ఆగలేదు. "గోడ కింద."

"కారులో వచ్చావా? నువ్వా?"

వియోలా ఎత్తు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగారు. డిక్కీ తెరిస్తే వేడికి అంచుల్లో ఆకులు కాస్త ముడుచుకున్నాయి గాని, పెరటి వాసన గుప్పుమంది. వియోలా ఆ కంకర మీదే మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది. నివెస్ రెండు చేతులతో కిరీటం పట్టుకుంది. మెల్లగా ఆ తలమీద పెట్టింది.

"చేర్చానయ్యా" అంది, పైకే.