తాలు కాయల గోతాం

“పోయినసారి మీరు చేయించిన చెక్కలు కొరికి మా వియ్యపురాలి పన్ను కదిలింది. మళ్ళీ ఇంట్లోనే అంటారేంటి అత్తయ్యా?”

“ఆవిడ పన్ను పెళ్ళిచూపులనాడే కదులుతూ ఉంది. నేను చూశాను. బజారు సరుకు మోసుకెళ్తే వాళ్ళ వీధిలో ఏమంటారో తెలుసా? పిల్లకి పుట్టింట్లో పొయ్యే లేదంటారు.”

“పొయ్యి దగ్గర నడుం పడిపోయేది నాది. మీరేమో మంచం మీద కూర్చుని నూనె తగ్గించు, నూనె తగ్గించు అంటారు.”

“అనకపోతే డబ్బా మొత్తం ఒక్క వాయికే తాగిస్తావు నువ్వు.”

నా మనవరాలికి ఏడో నెల. ఆదివారం వాళ్ళ అత్తవారింటికి సూడిదలు తీసుకెళ్ళాలి. చలిమిడి, అరిసెలు, చెక్కలు, కారప్పూస. ముందు కడుపుతో ఉన్న పిల్ల నోట్లో పెట్టి, ఆ తర్వాత వీధిలో ఇంటింటికీ పంచుతారు. కోడలేమో చీమకుర్తి దారిలో ఏదో పిండివంటల ఫ్యాక్టరీ ఉందని, డబ్బాల మీద పిల్ల పేరు కూడా వేసిస్తారని పట్టుబట్టింది. మధ్యలో మా అబ్బాయి లేచాడు.

“అమ్మా, పొద్దున్నే నా బండెక్కు. నీ కళ్ళతో చూసి నువ్వే చెప్పు. నచ్చితే ఆర్డరు, లేకపోతే లేదు. ఇక ఇద్దరూ ఊరుకోండి.”

బస్సు టిక్కెట్టు దండగ కాదు కదా అని ఒప్పుకున్నాను. హోటల్లో తినక్కర్లేకుండా పెరుగన్నం గిన్నెలో పెట్టుకుని, కొంగు నడుముకు బిగించి, బండి వెనక ఒక పక్కగా కూర్చున్నాను. యాభై ఏళ్ళొచ్చినా వాడు గతుకు చూసి నడపడు.

అయినా దారి బాగుంది. అది దాచను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. పత్తి తీసేసిన చేలల్లో మోళ్ళు నల్లగా నిలబడి ఉన్నాయి. వాటి పక్కన మిరప కల్లాలు, కంటికి ఆనినంత మేరా ఎరుపే. గాలి అటు నుంచి తిరిగితే ఇద్దరం ఒకేసారి తుమ్మేవాళ్ళం. కల్లాల్లో ఆడవాళ్ళు కాయలు ఏరుతున్నారు, ఎర్రవి ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. లోపల బూజు ఉంటుంది, పురుగు ఉంటుంది. మా వైపు ఎవరూ దాన్ని ఇంట్లో వాడరు. అలాగని పారెయ్యరు కూడా. ఊళ్ళోకొచ్చే బేరగాడికి అమ్ముతారు. అతను దాన్ని ఏం చేసుకుంటాడని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. మొన్ననే మా తాలు కొంత తూయించి పంపాను. ఇంకా రెండు గోతాలు వసారాలో ఉన్నాయి.

అద్దంకి దాటాక గ్రానైటు లారీలు మొదలయ్యాయి. ఆ దుమ్ము పళ్ళ మధ్య కరకరలాడుతుంటే ఫ్యాక్టరీ చేరాం. ముందు గది అద్దాలతో తళతళలాడుతోంది. నెత్తికి టోపీలు పెట్టుకున్న ఆడపిల్లలు డబ్బాలకు మూతలు పెడుతున్నారు. యజమాని ఎదురొచ్చాడు.

“రండి మామ్మగారూ, కూర్చోండి. ముందు రుచి చూడండి, తర్వాతే బేరం.”

పళ్ళెంలో కారప్పూస పెట్టాడు. ఎర్రగా, గుల్లగా ఉంది. తిన్నాను. ఊరికే వచ్చింది కదా అని ఇంకో గుప్పెడు కూడా పెట్టించుకున్నాను. మా అబ్బాయి అప్పుడే పెళ్ళానికి ఫోను చేశాడు.

“అమ్మకి నచ్చింది. రెండోసారి కూడా తింటోంది!”

అడ్వాన్సు కోసం వాడు జేబులో చెయ్యి పెట్టాడు. నా చేతికేమో ఎర్రరంగు అంటుకుంది. కొంగుకు తుడిస్తే మరక అవుతుందని, కడుక్కోవడానికి కుళాయి వెతుక్కుంటూ వెనక దొడ్డిలోకి వెళ్ళాను.

ముందు వాసన తగిలింది. మాడిన నూనె, పుల్లటి పిండి, చెమట. మూకుడు మా ఎడ్లకు కుడితి పోసే తొట్టి అంత ఉంది. అందులో నూనె రోడ్డుకు వేసే తారులా ఉంది. బనీను వేసుకున్న మనిషి పిండి తొక్కుతున్నాడో పిసుకుతున్నాడో తెలియలేదు, మోచేతి దాకా అందులోనే ఉన్నాడు. ముక్కు చీది మళ్ళీ అదే చెయ్యి పెట్టాడు. నేల మీద పడ్డ పూసను ఒకామె చీపురుతో ఊడ్చి, చేటకెత్తి, మంచి పూస మీదే గుమ్మరించింది. దాని మీద వాలిన ఈగలు పైకి లేవను కూడా లేవలేదు.

గోడవారన కారం పట్టే మర ఆడుతోంది. అందులో పోస్తున్నది తాలు. తొడిమలతో, బూజుతో, అన్నిటితో కలిపి. పక్కనే రంగు డబ్బా.

“ఈ కారం ఎందులో వేస్తారయ్యా?” అని మర దగ్గర మనిషిని అడిగాను.

“కారప్పూసలోకండీ. చెక్కల్లోకి కూడా. రంగు పడితే ఎవరికీ తెలియదు లెండి.”

అతను ఇంకో గోతాం లాగాడు. దాని మూతి పురికొసతో కట్టి లేదు. పచ్చచీర పీలికతో కట్టి ఉంది, పసుపు అంచుతో. ఆ చీర చిరిగేదాకా కట్టింది నేను. పురికొస కొనడం దండగని పీలికలు చించి గోతాలకు ముడి వేసిందీ నేనే.

వెతుక్కుంటూ యజమాని, మా అబ్బాయి వచ్చారు.

“ఇటెందుకొచ్చారు మామ్మగారూ? నేల జారుతుంది.”

“మనుషులు తినే దాంట్లో ఇవా వేస్తారు? సిగ్గు లేదూ?”

అతను నవ్వాడు. “తాలు మేం పండించామా మామ్మగారూ? మీ రైతులు అమ్మబట్టే కదా మా దగ్గరికొచ్చింది.”

మా అబ్బాయి గోతాం వైపు వంగి చూశాడు. “అమ్మా, ఈ పీలిక నీ పచ్చచీరది కాదూ?”

“నోరు మూసుకుని బండి తియ్యి.”

గుండ్లకమ్మ వంతెన దగ్గర బండి ఆపించాను. కడుపులోదంతా బయటికొచ్చింది. తెచ్చుకున్న నీళ్ళన్నీ పుక్కిలించినా ఆ రుచి నాలుక మీదే ఉంది. పెరుగన్నం మూత తీసి, చూడలేక కుక్కకు పెట్టేశాను. నా జన్మలో అన్నం అలా వదల్లేదు.

“రెండోసారి పెట్టించుకోకుండా ఉండాల్సింది,” అన్నాడు వాడు.

“ఇంకో మాటంటే ఇక్కడే దిగి నడిచొస్తా.”

ఇంటికి రాగానే కోడలు ఎదురొచ్చింది. “ఆర్డరు ఇచ్చారా?”

“లేదు. ఇవ్వం.”

“నచ్చిందన్నారుగా!”

నూనె గురించి చెప్పాను, చీపురు గురించి చెప్పాను, ముక్కు చీదినవాడి గురించి చెప్పాను. తాలు గురించి చెప్పలేదు. మా అబ్బాయి వసారాలో ఉన్న గోతాల వంక చూసి, చెప్పులు విడుచుకుని లోపలికెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే బేరగాడు కాటా పట్టుకుని వచ్చాడు. అమ్మనన్నాను. ధర పెంచుతానన్నాడు. పొమ్మన్నాను. గోతాల మూతులు విప్పి, తాలు మొత్తం పెంటదిబ్బలో పోయించి, పైన పేడ కప్పించాను. పీలికలు ఉతికి దండెం మీద ఆరేశాను. ఈలోగా కోడలు ఎర్రకాయలు దంచి, పిండి జల్లించి, పొయ్యి వెలిగించింది. మూకుట్లో నూనె పోస్తుంటే సగానికి చాలన్నాను. వినలేదు.