మా చెలక పైమట్టి

మా నాన్న ఓపెన్‌కాస్ట్ గనిలో డోజర్ నడిపేవాడు. బొగ్గు అందాలంటే దాని మీదున్న మట్టినంతా తోసిపారేయాలి. ఆయన నౌకరీ అంతా ఆ తోసిపారేయడమే. చెలక మాత్రం అమ్మది, పుట్టింటివాళ్లు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎర్రనేల.

గొర్రెలు కాసే ఒకాయన అమ్మను అక్కా అనేవాడు, మాకు మామ. ఎండాకాలం రాత్రుళ్లు ఆయన మంద మా చెలకలోనే పడుకునేది. ఆ పెంటికలే మా నేలకు బలం. బదులుగా కోతయ్యాక మక్క మోళ్లు ఆ గొర్రెలు మేసేవి. గనిలోంచి తెచ్చి పోసిన మట్టిగుట్టల కింద బీళ్లు పోయాక, ఊరి మందలన్నీ మిగిలిన ఒక్క బోడుగుట్ట మీద పడి గడ్డిని వేళ్లతో సహా పీక్కుతిన్నాయి. ఇక మామకు మా చెలకే దిక్కు.

రిటైరైతే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాలి. సొంతిల్లు కావాలని నాన్నకు తొందర. అమ్మ మంచిర్యాలలో చిన్నమ్మ కూతురి పురుటికని వెళ్లిన వారంలోనే, ఇటుక బట్టీవాడిని పిలిచి చెలక పైమట్టి గీసుకుపొమ్మన్నాడు. బదులుగా ఇంటికి ఇటుకలు.

అమ్మ వచ్చి చూసి గట్టు మీద కూలబడింది.

"ఎవలిని అడిగి తీపిచ్చినవ్?"

"మీదిది పోతే ఏమైతది? అసలు సరుకు అడుగునే ఉంటది. ఇన్నేండ్ల సంది చూస్తలేనా?" అన్నాడు నాన్న.

బొగ్గు సంగతే చేనుకూ చెల్లుతుందని ఆయన నిజంగానే నమ్మాడు. సరే, నమ్మాడు. మరి అమ్మను అడగడానికి నోరెందుకు రాలేదు? ఆమె ఊళ్లో లేని వారమే ఎందుకు దొరికింది? ఎవరేమన్నా నేను దాన్ని మోసమనే అంటాను.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. పైకి తేలిన గట్టి మొరం మీద నీళ్లు ఇంకకుండా జారిపోయాయి. మక్కలు జానెడు లేచి మాడిపోయాయి. మళ్లీ ఎండాకాలానికి మామ మందతో వచ్చి, కర్రతో నేలను పొడిచి చూశాడు.

"అక్కా, గిక్కడ మంద పెడితే ఏం ఫాయిదా? పెంటికలన్ని మొదటి వానకే కొట్కపోతయి. మోళ్లు సుత లేకపాయె."

"నేను మాట తప్పలే తమ్మీ" అంది అమ్మ, తలెత్తకుండా.

మామ మందను మళ్లించుకుపోయాడు. ఆ ఏడే గొర్రెలన్నిటినీ అమ్మేసి బట్టీలో కూలికి కుదిరాడని విన్నాం.

తెలంగాణ వచ్చిన ఏడు ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు గోడలు తట్టి చూసి, ఇటుక గట్టిగా ఉందని మెచ్చుకుంటుంటే నాన్న ముఖం వెలిగిపోయింది.

"ఏడి మట్టి అక్కా గిది?" అని ఒకామె అమ్మను అడిగింది.

"నా చెలకది" అంది అమ్మ. అని, చాయ్ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లిపోయింది.